మాట మరచిన బోధకుడు



పదిమంది యెదుట నిలువబడి మాటలాడవలెననగానే మనలో అనేకులకు నాలుక పిడచకట్టుకొని పోవును. ప్రార్థన చేయుమని పెద్దలు పిలిచినచో తల వంచుకొని వెనుకకు జరుగుదుము. బడిలోనైనను, పంచాయితీలోనైనను, మన పనిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసివచ్చినప్పుడు ఇదే గతి. అట్టి మనము డేవిడ్ లివింగ్‌స్టన్ దొరగారి జీవితమును తలంచుకొనుట మేలు.

ఆయన 1813లో స్కాట్లండు దేశమందలి బ్లాంటైర్ అను ఊరిలో బీద కుటుంబమున పుట్టెను. పదియవ యేటనే నూలు మిల్లులో పనికి కుదిరెను. ఉదయము 6 గంటలు మొదలు రాత్రి 8 గంటల వరకు పని. మొదటి వారపు కూలిలో కొంత పెట్టి లాటిన్ వ్యాకరణము కొనుక్కొనెను. యంత్రముపై పుస్తకము తెరచి పెట్టుకొని, పనిమీద ఇటునటు తిరుగుచు, ఒక్కొక్క వాక్యమే చదువుకొనెను. కష్టమునకు ఆయన వెరువలేదు. సభలో నోరు తెరచుటయే ఆయనకు కష్టము.

1838లో లండన్ మిషనువారు ఆయనను పరీక్షార్థము తీసుకొని, ఇంగ్లండులోని ఆంగర్ అను చిన్న పట్టణమున సెసిల్ పాదిరిగారి యొద్ద తర్ఫీదుకు ఉంచిరి. విశాఖపట్టణములోను కడపలోను మన తెలుగువారి మధ్య పనిచేసిన మిషను ఇదియే. అచ్చటి విద్యార్థులు ప్రసంగము వ్రాసి, పాదిరిగారికి చూపి, కంఠస్థము చేసి, సంఘములో చెప్పవలెను.

ఒక ఆదివారము సాయంకాలము ప్రక్క గ్రామపు కాపరి జబ్బుపడగా లివింగ్‌స్టన్‌ను పంపిరి. ఆయన మూలవాక్యమును నిదానముగా చదివెను. ఆ తరువాత ఒక్క మాటయు రాలేదు. కంఠస్థము చేసినదంతయు మనస్సులోనుండి తుడిచిపెట్టుకొని పోయెను. చెప్పవలసినది మరచితినని ఒప్పుకొని, ప్రసంగపీఠము దిగి, గుడి విడిచి వెళ్లిపోయెను.

ప్రసంగమందే గాక ప్రార్థనయందును ఆయన తడబడుచుండెను. సెసిల్‌గారు ఈ సంగతులను కమిటీకి వ్రాయగా వారు ఆయనను త్రోసివేయుటకు సిద్ధపడిరి. అప్పుడు ఒక సభ్యుడు మరి రెండు నెలలు గడువు ఇయ్యవలెనని గట్టిగా బతిమాలెను. గడువు దొరికెను. తుదకు ఆయన అంగీకరింపబడెను.

1840లో ఆయన వైద్యపట్టమును, బోధకాభిషేకమును పొంది డిసెంబరులో ఆఫ్రికాకు ఓడ ఎక్కెను. అక్కడ ఇంచుమించు ఆరు నెలలు తెల్లవారి ముఖము చూడక, బక్వేనా ప్రజల మధ్యనే నివసించి, వారి భాషను మర్యాదలను నేర్చుకొనెను. ఎక్కువగా ప్రసంగించినచో గొంతు బాధించుచుండగా 1852లో కేప్‌టౌన్‌లో కొండనాలుకకు శస్త్రచికిత్స చేయించుకొనెను. నోరు తెరచుటను మాత్రము మానలేదు.

1857 డిసెంబరు 4వ తేదీన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో పండితులతోను విద్యార్థులతోను నిండిన సభ యెదుట ఆయన నిలిచెను. పదునారు సంవత్సరములు ఆఫ్రికా భాషలే పలికినందున ఇంగ్లీషు మాటలు తడుముకొనవలసి వచ్చెను. అయినను ఈసారి పీఠము దిగిపోలేదు. తాను కన్నులార చూచిన దేశమును, జనులను గూర్చి సాదాగా చెప్పి, పనివారు కావలెనని అడిగెను. ఆ పిలుపు ఫలితముగా మధ్య ఆఫ్రికాకు విశ్వవిద్యాలయముల మిషను ఏర్పడెను. ఆయన వాగ్ధాటిగలవాడు కాలేదు గాని, చెప్పవలసిన సంగతి గలవాడాయెను.

మోషే తన నోరు మాంద్యమని వెనుదీసినట్లు నిర్గమకాండము 4వ అధ్యాయములో చదువుదుము. పౌలును కొరింథులో భయముతోను వణకుతోను ఉండెను. దేవుడు వారి వణకును చూచి వారిని విడిచిపెట్టలేదు.

కాబట్టి భయపడు సహోదరుడా, సహోదరీ, ఒకసారి మాట తప్పిపోయినంతమాత్రమున పని మానకుము. నీవెరిగిన సంగతిని, నీవు చూచిన మేలును, మొదట నలుగురిలో చెప్పి చూడుము. సంఘ పెద్దలారా, మన యౌవనస్థులలో ఎవడైనను తడబడి కూర్చున్నప్పుడు నవ్వకుందము. లివింగ్‌స్టన్ కొరకు బతిమాలిన ఆ సభ్యునివలె మనమును వానికి రెండు నెలలు గడువు ఇచ్చెదము గాక.