సంతకం రాని నాన్న కొడుకు: న్యూటన్



న్యూటన్ వాళ్ళ నాన్నకు సంతకం పెట్టడం రాదు. ఈ మాట మన ఫిజిక్సు పుస్తకంలో లేదు. పుస్తకంలో పొడుగు జుట్టు ఉన్న ఒక బొమ్మ ఉంటుంది, ఆ తర్వాత మూడు నియమాలు ఉంటాయి. పరీక్షకు వస్తాయి కాబట్టి మనం మూడూ బట్టీ పట్టేస్తాం. కానీ ఆయన నాన్న వైపు వాళ్ళలో ఆయనకంటే ముందు చదువుకున్నవాళ్ళు ఎవరూ లేరని తెలిశాక నాకు ఆ పాఠం వేరేగా కనిపించింది. మన హాస్టల్లో చాలామంది నాన్నలు వేలిముద్ర వేసి మనల్ని ఇక్కడ చేర్పించారు. మా నాన్న కూడా అంతే. అందుకని ఈసారి గోడపత్రికకు న్యూటన్ కథ రాస్తున్నాను. మధ్యలో పాఠం కూడా వస్తుంది. యాన్యువల్ పరీక్షలు దగ్గరికొచ్చాయి కదా, చదివితే పనికొస్తుంది.

ఐజాక్ న్యూటన్ ఇంగ్లండు దేశంలో ఊల్స్‌థార్ప్ అనే చిన్న పల్లెలో 1642 డిసెంబరు 25న పుట్టాడు. కొన్ని పుస్తకాల్లో 1643 జనవరి 4 అని ఉంటుంది. రెండూ ఒక్క రోజే. అప్పట్లో ఇంగ్లండు క్యాలెండరు యూరప్‌లో చాలా దేశాల క్యాలెండరు కంటే పది రోజులు వెనక ఉండేది. బిట్టు ప్రశ్నలో ఏది ఇచ్చినా భయపడకండి.

ఆయన పుట్టడానికి మూడు నెలల ముందే నాన్న చనిపోయాడు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి, చిన్న కుండలో పట్టేంత ఉన్నాడట. బతుకుతాడని ఎవరూ అనుకోలేదు. బీదవాళ్ళు మాత్రం కాదు. రెండు వందలకు పైగా గొర్రెలు, పొలం, రాతి ఇల్లు ఉన్నాయి. ఈ సంగతి చెప్పకపోతే అబద్ధం అవుతుంది.

మూడేళ్ళప్పుడు వాళ్ళమ్మ హానా ఒక ముసలి పాదిరిని రెండో పెళ్ళి చేసుకుని పక్క ఊరికి వెళ్ళిపోయింది. పిల్లవాణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలేసింది. ఆ పాదిరి చనిపోయి ఆమె తిరిగి వచ్చేసరికి ఇతనికి పదేళ్ళు దాటాయి, వెంట ముగ్గురు కొత్త పిల్లలు. పెద్దయ్యాక న్యూటన్ తను చేసిన పాపాలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. అమ్మనూ ఆ పాదిరినీ ఇంటితో సహా తగలబెట్టేస్తానని బెదిరించడం కూడా అందులో ఉంది. హాస్టలుకు వచ్చిన మొదటి నెలలో రాత్రిళ్ళు దుప్పటి ముసుగేసుకున్నవాళ్ళకు ఆ కోపం ఎలా వస్తుందో తెలుసు.

పన్నెండేళ్ళప్పుడు గ్రాంథమ్ అనే ఊళ్ళో బడికి పంపారు. ఇంటికి పదకొండు కిలోమీటర్ల దూరం. అందుకని అక్కడ మందుల కొట్టాయన ఇంట్లో ఉండి చదువుకున్నాడు. అదీ ఒకరకంగా హాస్టలే. బళ్ళో ఎక్కువగా లాటిన్ చెప్పేవాళ్ళు. ఇంట్లో మాట్లాడేది ఒక భాష, బడిలో పాఠం ఇంకో భాష. మనకు కొత్త సంగతి కాదు.

మొదట్లో క్లాసులో చివరి వరసలో ఉండేవాడు. ఒకసారి తనకంటే పై ర్యాంకు పిల్లవాడు కడుపులో తన్నాడు. సాయంత్రం వాడితో కొట్లాడి గెలిచాడు. చాలదనిపించి చదువులో కూడా వాణ్ణి దాటాలని కూర్చున్నాడు, ఫస్టు వచ్చేదాకా లేవలేదు. ఖాళీ ఉంటే సుత్తి, రంపం పట్టుకుని ఏదో ఒకటి చేసేవాడు. నీళ్ళ గడియారం, ఎలుక తిప్పే చిన్న మర, గోడ మీద ఎండను బట్టి టైము చెప్పే గీతలు ఇలాంటివి. రాత్రిపూట గాలిపటానికి లాంతరు కట్టి ఎగరేస్తే ఊళ్ళో వాళ్ళు జడుసుకున్నారట.

1658లో పెద్ద గాలివాన వచ్చినప్పుడు మిగతావాళ్ళు ఇళ్ళల్లో దూరితే ఇతను బయట దూకుతూ ఉన్నాడు. గాలి వీచేవైపు ఒకసారి, గాలికి ఎదురుగా ఒకసారి దూకి ఎంత దూరం పడ్డాడో కొలిచాడు. మామూలు రోజు దూకిన దూరంతో పోల్చి గాలి బలం ఎంతో చూశాడు. బలం కంటికి కనపడదు, అది చేసే మార్పును బట్టి కొలవాలి. మన పాఠం మొదటి పేరాలో ఉన్నది ఇదే.

పదహారు, పదిహేడేళ్ళు వచ్చేసరికి వాళ్ళమ్మ బడి మాన్పించేసింది. గొర్రెలు, పొలం చూసుకోమంది. ఆయన చేతికి గొర్రెలు ఇస్తే ఇంకేముంది, చెట్టు కింద కూర్చుని పుస్తకం చదివేవాడు. గొర్రెలు పోయి పక్కవాళ్ళ చేలో పడేవి. 1659లో ఊరి కోర్టు జరిమానా కూడా వేసింది. సంతకు పంపితే పనివాణ్ణి ముందుకు పంపించి తను దారిలో చదువుకునేవాడు.

అప్పుడు ఇద్దరు అడ్డుపడ్డారు. ఒకరు మేనమామ విలియం ఆయిస్కా, ఇంకొకరు బడి హెడ్‌మాస్టరు స్టోక్స్ గారు. పిల్లవాణ్ణి తిరిగి పంపమని వాళ్ళమ్మను అడిగారు. బయట ఊరి పిల్లలు 40 షిల్లింగుల ఫీజు కట్టాలి. అది నాకు వద్దు, పిల్లవాణ్ణి పంపితే చాలని స్టోక్స్ గారు అన్నారు. 1660లో న్యూటన్ మళ్ళీ బడికి వచ్చాడు.

నేను ఈ భాగం రెండుసార్లు చదివాను. మా అక్క ఆరో తరగతిలో మానేసింది. మేకలు కాయాలి, చిన్న తమ్ముణ్ణి చూడాలి అన్నారు. అక్క నోటితోనే నాకంటే త్వరగా లెక్కలు చేస్తుంది, ఇప్పటికీ సంతలో షావుకారు తప్పు చెప్తే పట్టుకుంటుంది. అమ్మను తప్పు పట్టను, అప్పుడు ఇంట్లో మనిషి కావాలి. కానీ ఆ పిల్లను పంపండి అని అడగడానికి మా గూడేనికి ఎవరూ రాలేదు. ఇప్పుడు మన తరగతిలో ఇద్దరు సంక్రాంతి సెలవులకు వెళ్ళి ఇంకా రాలేదు. వాళ్ళ ట్రంకు పెట్టెలు అలాగే ఉన్నాయి. వార్డెన్ మేడం గారూ, సార్లూ ఒక్కసారి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మాట్లాడండి. పేర్లు రాయడం లేదు, మీకు తెలుసు. మేడం గారు రమ్మంటే మేము కూడా వస్తాం, మా భాషలో చెప్తాం.

1661లో న్యూటన్ కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీలో చేరాడు. వాళ్ళమ్మ సరిపడా డబ్బు ఇవ్వలేదు. అందుకని పెద్దింటి పిల్లలకు పనులు చేసి చదువుకునేవాళ్ళలో ఒకడిగా చేరాడు. అలాంటివాళ్ళు అన్నం తెచ్చిపెట్టాలి, గదులు శుభ్రం చెయ్యాలి, రాత్రి పాత్రలు కూడా పారబొయ్యాలి.

1665లో ప్లేగు రోగం వచ్చింది. యూనివర్సిటీ మూసేశారు. 2020లో కరోనాకు మన బళ్ళు మూసినట్టే. న్యూటన్ ఇంటికెళ్ళి, మధ్యలో కొన్నాళ్ళు తప్ప 1667 దాకా పల్లెలోనే ఉన్నాడు. ఆ రోజుల్లోనే లెక్కల్లో కొత్త దారి కనిపెట్టాడు, తెల్లని ఎండలో రంగులు దాగి ఉన్నాయని చూశాడు, యాపిల్ పండు రాలడం గురించి ఆలోచించాడు. పండు నెత్తిమీద పడిందని అందరూ చెప్తారు, అది కల్పన. రాలడం చూశానని మాత్రం ముసలితనంలో తనే చెప్పాడు.

మన దగ్గర యాపిల్ చెట్లు లేవు, ఇప్పచెట్లు ఉన్నాయి. రాత్రంతా పువ్వు రాలుతుంది, తెల్లారి మనం ఏరతాం. పువ్వు ఎందుకు రాలిందని మనమెవరం అడగలేదు. అడిగినా అంత గొప్ప కాదు, కింద పడుతుందని కోతికి కూడా తెలుసు. న్యూటన్ అడిగింది వేరు. పండును లాగేది చంద్రుడి దాకా పోతుందా, పోతే చంద్రుడు ఎందుకు పడడు?

దీనికి వడిసెల గుర్తుచేసుకోండి. మంచె మీద నిలబడి వడిసెల తిప్పుతాం. తాడు లాగుతున్నంతసేపు రాయి గుండ్రంగా తిరుగుతుంది. వదిలితే ఆ క్షణంలో ఎటు పోతోందో అటు తిన్నగా పోతుంది. చంద్రుడికి భూమి ఆకర్షణే తాడు. ఆ తాడు లేకపోతే తిన్నగా పోయేవాడు. ఒక సెకనులో చంద్రుడు సుమారు ఒక కిలోమీటరు పక్కకు పోతాడు, అదే సెకనులో భూమి వైపు ఒకటిన్నర మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువ పడతాడు. అంటే పడుతూనే ఉన్నాడు, పక్కకు కూడా పోతున్నాడు కాబట్టి తిరుగుతున్నాడు. లెక్క చూడండి. చంద్రుడి దూరం భూమి వ్యాసార్థానికి 60 రెట్లు. దూరం 60 రెట్లయితే ఆకర్షణ 60 ఇంటూ 60, అంటే 3600 వంతుల్లో ఒక వంతు అవుతుంది. ఇక్కడ పండు మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. దాన్ని 3600తో భాగించండి. సరిపోతుంది! నేను చేసి చూశాను, ఆ రోజు అన్నం బెల్లు కూడా వినపడలేదు.

1669లో, ఇంకా 27 ఏళ్ళు నిండకుండానే, కేంబ్రిడ్జిలో లెక్కల ప్రొఫెసరు అయ్యాడు. అయినా కనిపెట్టినవి అచ్చు వెయ్యడానికి ఇష్టపడేవాడు కాదు. ఎవరైనా తప్పు అంటే పడేవాడు కాదు. 1684లో ఎడ్మండ్ హేలీ ఆయన దగ్గరికి వచ్చి, దూరం వర్గాన్ని బట్టి ఆకర్షణ తగ్గితే గ్రహం ఏ ఆకారంలో తిరుగుతుందని అడిగాడు. దీర్ఘవృత్తం అని వెంటనే చెప్పాడు, లెక్క ఎప్పుడో చేశాడు. కాగితం వెతికితే దొరకలేదు! మళ్ళీ చేసి పంపాడు. హేలీ వెంటపడి రాయించి, అచ్చు ఖర్చు తనే పెట్టుకున్నాడు. 1687లో ప్రిన్సిపియా అనే లాటిన్ పుస్తకం వచ్చింది. హేలీ తోకచుక్క ఆయన పేరు మీదే ఉంది. అది మళ్ళీ 2061లో వస్తుంది, అప్పుడు మనం మన మనవరాళ్ళకు చూపించవచ్చు.

మన మూడు నియమాలు ఆ పుస్తకం మొదట్లోనే ఉన్నాయి. మొదటిది జడత్వం. దీన్ని గెలీలియో న్యూటన్ కంటే ముందే చాలావరకు పట్టుకున్నాడు. గొడ్డలి వదులైతే మన నాన్నలు ఏం చేస్తారు? కామను రాయికేసి నిలువుగా కొడతారు. కామ ఆగిపోతుంది, ఇనుము మాత్రం ఇంకా కిందికి పోయి బిగుసుకుంటుంది. అదే జడత్వం.

రెండోది, బలం = ద్రవ్యరాశి × త్వరణం. ఖాళీ బండిని తోసినంత బలంతో కట్టెల బండిని తోస్తే అంత త్వరగా వేగం రాదు. ఇదే నియమాన్ని ఇంకోలా కూడా చెప్పవచ్చు, ద్రవ్యవేగంలో మార్పును కాలంతో భాగిస్తే బలం వస్తుంది. మామిడికాయ నేలమీద పడితే పగులుతుంది, దుప్పటి పట్టి పట్టుకుంటే పగలదు. దుప్పటిలో ఆగడానికి ఎక్కువ సేపు పడుతుంది, కాబట్టి బలం తక్కువ. ఇంకొక్కటి, ద్రవ్యరాశి, భారం ఒకటి కాదు. పది కిలోల బియ్యం చంద్రుడి మీద కూడా పది కిలోలే. భారం ఇక్కడ 98 న్యూటన్లు, అక్కడ అందులో ఆరో వంతు.

మూడో నియమంలోనే చాలామంది మార్కులు పోతున్నాయి. ఎద్దు బండిని లాగుతుంది, బండి కూడా ఎద్దును అంతే బలంతో వెనక్కి లాగుతుంది. మరి రెండూ కొట్టుకుపోయి బండి ఆగిపోవాలి కదా? పోదు. ఒక బలం బండి మీద, ఇంకోటి ఎద్దు మీద పనిచేస్తాయి. వేర్వేరు వస్తువుల మీద ఉన్న బలాలను కలిపి కొట్టెయ్యకూడదు. ఎద్దు కాళ్ళతో నేలను వెనక్కి తోస్తుంది, నేల ఎద్దును ముందుకు తోస్తుంది. ఆ తోపు బండి లాగుడు కంటే ఎక్కువైతే ఎద్దు ముందుకు పోతుంది. బురదలో కాలు జారితే నేల అంత తొయ్యలేదు, బండి కదలదు. జవాబులో ఎద్దు, బండి, నేల మూడూ విడివిడిగా బొమ్మ గీసి బాణాలు పెట్టండి.

1696లో న్యూటన్ లండనులో నాణేల టంకశాలకు వెళ్ళాడు, దొంగ నాణేలు చేసేవాళ్ళను వెతికి పట్టించాడు. 1703లో రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. 1705లో రాణి సర్ అనే బిరుదు ఇచ్చింది. హుక్‌తో, లైబ్నిట్జ్‌తో చాలా ఏళ్ళు తగవులాడాడు. మంచి మనసున్నవాడు అని నేను రాయలేను. కానీ 1679లో వాళ్ళమ్మకు జ్వరం వస్తే కేంబ్రిడ్జి నుంచి ఇంటికెళ్ళి రాత్రిళ్ళు మేలుకుని, తన చేత్తో మందు వేసి, పుండ్లకు కట్టు కట్టాడు. చిన్నప్పుడు వదిలేసిన అమ్మ, బడి మాన్పించిన అమ్మ. ఆమె బతకలేదు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. 1727 మార్చిలో 84 ఏళ్ళకు చనిపోయాడు. లండనులో రాజులను పాతిపెట్టే వెస్ట్‌మినిస్టర్ చర్చిలో సమాధి చేశారు.

వడిసెల లెక్క, ఎద్దు బండి బొమ్మ రానివాళ్ళు రాత్రి స్టడీ అవర్లో మూడో బెంచీ దగ్గరికి రండి. మేడం గారు రాయి తిప్పనివ్వరు కాబట్టి తాడుకు గుడ్డ ఉండ కట్టి పెట్టాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని