జోసెఫ్ గోల్డ్‌బర్గర్

పేదవాని కంచములోని కొరతయే ఒక ఘోరవ్యాధికి మూలమని లోకమునకు చాటిన మహనీయుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్. ఈతడు నేటి స్లొవేకియా దేశములోని ఒక గ్రామమున, బీద యూదు కుటుంబమునందు 1874లో జన్మించెను. బాల్యముననే తల్లిదండ్రులతో అమెరికా చేరెను. 1895లో వైద్యపట్టమును పొంది, 1899లో ప్రభుత్వ ఆరోగ్యశాఖలో ప్రవేశించెను.

ఆ కాలమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో పెల్లాగ్రా అను వ్యాధి ఏటేట వేలమందిని బలిగొనుచుండెను. ఎండ తగులు చేతులపైనను, మెడచుట్టును చర్మము ఎఱ్ఱబడి, నల్లబడి, పెచ్చులూడును. పిమ్మట విరేచనములు, మతిభ్రమణము, తుదకు మరణము. ఇది అంటువ్యాధియని తలచి జనులు రోగులను దరిచేరనీయకుండిరి.

1914లో ప్రభుత్వము ఈ వ్యాధిని పరిశీలింప గోల్డ్‌బర్గరును నియమించెను. అనాథాశ్రమములలో పిల్లలకు వ్యాధి సోకుచుండెను. వారితో మెలగు ఉద్యోగులకు మాత్రము సోకలేదు. అంటువ్యాధి యైనచో ఈ భేద మెట్లు కలుగును? పిల్లల ఆహారము మొక్కజొన్నపిండి, పాకము, పందికొవ్వు మాత్రమే. ఆయన వారికి పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడుగింజలు పెట్టించెను. ఏడాది తిరుగునప్పటికి వ్యాధి దాదాపు మాయమయ్యెను.

1915లో మిసిసిపీ రాష్ట్రములో, విడుదల చేయుదుమను వాగ్దానముపై కొందఱు ఖైదీలు ఆ కొఱత ఆహారమునే భుజించుటకు అంగీకరించిరి. ఆరు నెలలలో వారిలో ఆరుగురికి పెల్లాగ్రా లక్షణములు కనబడెను.

అయినను విమర్శకులు నమ్మలేదు. అంతట 1916లో గోల్డ్‌బర్గరు రోగుల రక్తమును తన శరీరములోని కెక్కించుకొనెను; వారి చర్మపు పెచ్చులను, మలమూత్రములను పిండిలో కలిపి మ్రింగెను. ఆయన భార్య మేరీయు రోగిరక్తమును ఎక్కించుకొనెను. ఎవరికిని వ్యాధి రాలేదు.

వ్యాధికి మూలము దారిద్ర్యమని ఆయన చెప్పగా, దక్షిణ రాష్ట్రముల నాయకులు కొందఱు తమ ప్రాంతమునకు అపకీర్తి కలుగునని ఆగ్రహించిరి. ఆయన వెనుదీయలేదు. ఈస్టు ఈ వ్యాధిని మాన్పునని కనుగొనెను. 1927 నాటి మిసిసిపీ వరదలలో అది బాధితులకు పంచబడెను.

1929లో గోల్డ్‌బర్గరు క్యాన్సరు వ్యాధితో మరణించెను. లోపించిన పదార్థము నికోటినిక్ ఆమ్లమను విటమినని 1937లో తేలెను. తరువాత దక్కను పీఠభూమిలో జొన్నలే ముఖ్యాహారముగా గల పేదలలోను ఈ వ్యాధి కనబడగా, హైదరాబాదులోని పోషకాహార శాస్త్రజ్ఞులు దానిని పరిశోధించిరి.

రోగిని చూచి వెఱచి తొలగిన లోకములో, ఆ రోగి ఏమి తినుచున్నాడని విచారించినవాడు గోల్డ్‌బర్గరు. ఆ ఒక్క ప్రశ్నయే వేలాది ప్రాణములను కాపాడెను.