నవాబు అలీ నవాజు జంగు

ఎగువవాడు తూము మూసిన దిగువ పొలము బీడగునని తొర్రూరు చెరువుల క్రింది రైతు లెఱుగుదురు. ఆ వంతు న్యాయము తలంపునకు వచ్చినప్పుడెల్ల మాకు అలీ నవాజు జంగు జ్ఞప్తికి వచ్చుచుందురు.

వారు 1877లో జన్మించి, ఇంగ్లండున కూపర్సుహిల్ కళాశాలలో చదివి, నిజాం రాజ్యమున చీఫ్ ఇంజనీరైరి. వారి హయాములో 1927 నాటికి హైదరాబాదు నగరమునకు హిమాయత్‌సాగరము, 1931 నాటికి రైతులకు మంజీరపై నిజాంసాగరము సిద్ధమయ్యెను. ఎవరి నీరు వారిదే. 1949లో వారు గతించిరి.

పిదప పెరిగిన నగరము 1965లో మంజీర బ్యారేజితోను, అనంతరము సింగూరుతోను ఎగువనే నీరు గైకొనెను. పూడికయు తోడై నిజాంసాగరపు ఆయకట్టు కుంచించుకొనిపోయెను.

దాహమునకు నీరీయవలదని మేమనము. రైతు వంతును గైకొనువారు బదులునీరు ముందుగా చూపవలెను. అదియే ఆ ఇంజనీరునకు తగిన స్మారకము.