కొంగలు నేర్పిన విద్య

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న కొల్లేటి సరస్సునకు ఏటేట వేలకొలది పక్షులు చేరును. ఆటపాక చెంత గూడకొంగలును, ఎర్రకాళ్ళ కొంగలును గూళ్ళు కట్టుకొనును. ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేచువేళ ఆ పక్షులు రెక్కలు చాచి, వానిని ఆడింపకయే వలయములుగా తిరుగుచు మిక్కిలి ఎత్తునకు పోవును. విజయవాడలో ఇంద్రకీలాద్రిపై గ్రద్దలు సయితము ఇట్లే విహరించును. ఈ దృశ్యమును ఎరుగని బాలుడు ఆ సీమలో ఉండడు. అయినను, ఇది ఎట్లు సాధ్యమని తనలో తాను ప్రశ్నించుకొని, ఆ ప్రశ్నకే తన జీవితమును ధారవోసినవారు లోకమున అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడు జర్మనీ దేశీయుడగు ఒట్టో లిలియెంతాల్.

ఒట్టో 1848వ సంవత్సరము మే 23వ తేదీన, నాటి ప్రష్యా రాజ్యములోని ఆంక్లాం అను చిన్న పట్టణమున జన్మించెను. తలిదండ్రులకు ఎనమండుగురు సంతానము కలిగినను, ఒట్టో, తమ్ముడు గుస్టావ్, చెల్లెలు మేరీ అను మువ్వురే బ్రదికిరి. తండ్రి వర్తకుడు. వ్యాపారము చెడిపోగా అమెరికాకు తరలిపోవ నిశ్చయించుకొని, ఆ ప్రయాణము సాగకుండగనే 1861లో మరణించెను. సంసారభారము తల్లి కరోలిన్‌పై పడెను. సంగీతము నేర్చిన ఆ ఇల్లాలు కష్టములకు క్రుంగక బిడ్డలను చదివించెను. వారి వింత కోరికలను ఎన్నడును పరిహసింపలేదు.

ఆంక్లాం చుట్టును పచ్చిక బయళ్ళు. వానియందు తెల్లకొంగలు మేయుచుండెడివి. అన్నదమ్ములు పొంచి పొంచి వాని దాపునకు పోయి పరికించెడివారు. బెదరిన కొంగ వెంటనే పైకెగురలేదు. గాలికి ఎదురుగా కొంతదూరము పరుగెత్తి, పిమ్మటనే నేలను విడుచును. గాలి తమ వైపునుండి వీచుచున్నచో, అది బెదరియు తమ దిక్కునకే పరుగెత్తి వచ్చుట వారు గమనించిరి. ఎదురుగాలి పక్షికి శత్రువు కాదనియు, దానిని ఎత్తిపట్టు చేయి అదియే యనియు ఆ బాలురకు బోధపడెను.

అంతట వారు పలుచని చెక్కలతో రెక్కలు చేసికొని చేతులకు కట్టుకొనిరి. పగటివేళ తోడి పిల్లలు నవ్వుదురను సిగ్గుచే, రాత్రులందు మిట్టమీదనుండి క్రిందికి పరుగెత్తుచు రెక్కలాడించిరి. ఎగురుట మాత్రము పొసగలేదు. నాటికి ఒట్టో వయస్సు పదునాలుగేండ్లు. ఓటమి వానిని నిరుత్సాహపరుపలేదు. ప్రశ్నను మరింత పదును చేసెను.

పోట్స్‌డాంలోను, పిదప బెర్లిన్‌లోను ఒట్టో యంత్రవిద్య నభ్యసించెను. 1870లో ఫ్రాన్సుతో యుద్ధము రాగా సైన్యమున చేరి, యుద్ధానంతరము తిరిగి వచ్చి యంత్రశాలలయందు ఉద్యోగము చేసెను. చిన్న పరిశ్రమల కుపయోగించు, ప్రమాదము తక్కువగల ఆవిరి బాయిలరును కల్పించి, బెర్లిన్‌లో స్వంత కర్మాగారమును స్థాపించెను. 1890లో కర్మాగారపు లాభములలో నాలుగవ వంతును పనివారికే పంచు ఏర్పాటు చేయుట ఆతని ధర్మబుద్ధికి నిదర్శనము.

కాని ఆతని హృదయము గాలియందే ఉండెను. గుస్టావ్ తోడ్పాటుతో ఒక పరీక్షాయంత్రమును నిర్మించెను. నిలువుకంబముపై అడ్డముగా తిరుగు దూలము, దూలము చివరల రెక్కల నమూనాలు; దూలము తిరుగునపుడు గాలి ఆ రెక్కలను ఎంత బలముతో పైకెత్తునో తూకములతో కొలిచెను. బల్లపరుపు రెక్కకంటె, కొంగరెక్కవలె పైకి కొంచెము వంగిన రెక్కయే ఎక్కువ బరువును మోయునని తేలెను. ఏండ్ల తరబడి సాగిన ఈ పరీక్షల ఫలితములను, పట్టికలతోను పటములతోను కూర్చి, పక్షుల ఎగురుటనుగూర్చి 1889లో ఒక గ్రంథము ప్రకటించెను. నాడు దానిని కొన్నవారు కొలదిమంది. అయినను తాను కనుగొన్న రహస్యమును పెట్టెలో దాచుకొనక లోకము ముందుంచుట ఆతని జీవితమున ముఖ్యఘట్టము.

లెక్కలు ముగిసిన పిమ్మట దేహమును పణముగా పెట్టవలసిన దినములు వచ్చెను. విల్లో చెట్టు కొమ్మలతో చట్రము కట్టి, నూలుగుడ్డ కప్పి, గ్లైడరును తయారుచేసెను. దానికి ఇంజను లేదు. దాని బరువు ఇంచుమించు 20 కిలోగ్రాములు. మోచేతులతో దానిని పట్టుకొని, కొండవాలున గాలికెదురుగా పరుగెత్తి, కాళ్ళను అటునిటు ఊపుచు శరీరపు బరువుతోనే దానిని నడుపవలెను. 1891లో డెర్విట్జ్ గ్రామము చెంత సుమారు 25 మీటర్ల దూరము గాలిలో సాగెను. 1893 నాటికి రీనో కొండలనుండి 250 మీటర్ల దూరము పోగలిగెను. 1894లో బెర్లిన్ దాపున, ఏ దిక్కునుండి గాలి వీచినను దుముకుటకు వీలుగా, 15 మీటర్ల ఎత్తున మట్టిదిబ్బనే పోయించెను. ఐదేండ్లలో ఆతడు ఎగిరినది సుమారు రెండువేల మార్లు. ఒకమారు గ్లైడరు కూలగా, ముందు అమర్చిన వంపుకొమ్మ దెబ్బను కాచి ప్రాణము నిలిపెను.

రెక్కలు దాల్చి గాలిలో తేలు మానవుని ఛాయాచిత్రములు దేశదేశముల పత్రికలలో ప్రకటితములాయెను. లేఖలు వచ్చెను, చూడ్కికై విద్వాంసులు వచ్చిరి. లిలియెంతాల్ ఎవ్వరిని పోటీదారులని దూరముంచలేదు. తన గ్లైడరును 500 మార్కుల వెలకు అమ్మెను. రష్యాలో జుకోవ్‌స్కీయు, ఐర్లండులో ఫిట్జ్‌జెరాల్డును అట్లు కొన్నవారే. బ్రిటను దేశపు యువకుడు పెర్సీ పిల్చర్ వచ్చి, ఆతనిచెంత ఎగురుట నేర్చి, స్వదేశమున తన గ్లైడర్లను నిర్మించెను. సముద్రమున కావల ఆక్టేవ్ షనూట్ అను ఇంజనీరు మిషిగన్ సరస్సు తీరపు ఇసుకదిబ్బలపై 1896లో తన గ్లైడర్లను ఎగురవేయించెను. వేలమైళ్ళ దూరమున నున్న వీరు ఒకరినొకరు మించవలెనని యత్నించుచునే, ఒకరి అనుభవమును మరొకరికి అందించిరి. గాలిలో తేలుట యువకులకు ఒక క్రీడ కావలెననియు, పోటీవలన విద్య వృద్ధి పొందుననియు లిలియెంతాల్ తలచెను. ఎగురు విద్య అలవడినచో దేశముల సరిహద్దులు అర్థము కోల్పోయి శాంతి కలుగునని ఆతడు ఆశించెను. ఆ ఆశ మాత్రము ఫలింపలేదు; తరువాతి యుద్ధములలో విమానమే ఆయుధమయ్యెను.

1896 ఆగస్టు 9వ తేదీన స్టోల్న్ గ్రామము కడ గొల్లెన్‌బర్గ్ కొండపైనుండి ఆతడు ఎగిరెను. దినము ఎండగా నుండెను. అకస్మాత్తుగా లేచిన గాలితెరకు గ్లైడరు ముక్కు పైకి లేచి, గాలిలో నిలిచిపోయెను. దానిని సరిచేయుటకై ఆతడు కాళ్ళు ముందునకు ఊపెను గాని ఫలింపలేదు. సుమారు 15 మీటర్ల ఎత్తునుండి నేలగూలి, మెడ యెముక విరిగి, మరునాడు బెర్లిన్‌లో కన్నుమూసెను. అప్పటి కాతనికి 48 ఏండ్లు. పక్షిని పైకెత్తు గాలియే ఆతని పడద్రోసెను. శరీరపు ఊపుతో మాత్రమే యంత్రమును నడుపుటలోని లోపము ఆ మరణమువలన లోకమునకు స్పష్టమయ్యెను. మూడేండ్లకు, 1899లో, పిల్చర్ కూడ గ్లైడరు కూలి మరణించెను.

ఆ దీపము ఆరలేదు. లిలియెంతాల్ మరణవార్త అమెరికాలో సైకిళ్ళ వ్యాపారము చేయు రైట్ సోదరుల మనస్సును ఎగురువిద్యవైపు త్రిప్పెను. వారు ఆతని పట్టికలనే ఆధారముగా గైకొని గ్లైడరు నిర్మించిరి. ఫలితము సరిపడకపోగా, 1901లో స్వయముగా గాలిసొరంగము నిర్మించి రెక్కలను మరల కొలిచిరి. శరీరపు ఊపునకు మారుగా రెక్కలనే మెలిపెట్టి యంత్రమును అదుపుచేయు ఉపాయమును కనుగొనిరి. 1903 డిసెంబరు 17వ తేదీన వారి ఇంజను విమానము ఎగిరెను. నాటి తొలి ప్రయాణము 12 సెకనులు. సాగిన దూరము 36 మీటర్లకు కొంచెము ఎక్కువ. కీర్తి వచ్చినపిదప కూడ వారు తమకు ముందు నడచిన లిలియెంతాల్‌ను మరువలేదు. ఆతని భార్యకు ధనసహాయము పంపి తమ ఋణమును గుర్తించిరి.

ఆతడు కోరిన క్రీడయు వర్ధిల్లెను. 1920లో జర్మనీలోని వాసర్‌కుప్ప కొండపై గ్లైడర్ల పోటీలు మొదలయ్యెను. నేడు అనేక దేశములలో సంఘములవారు చిన్న గ్లైడర్లను రేడియోతో నడుపుచు, దూరమునకును కాలమునకును స్నేహపూర్వకముగా పోటీపడుచున్నారు. నేలపై నిలిచినవారు కంటికి కనబడని ఎగురుగాలిని పసిగట్టి, తమ గ్లైడరును అందు వలయములుగా త్రిప్పి పైకి ఎక్కింతురు. గెలిచినవారు ఓడినవారికి తమ ఉపాయమును చెప్పుదురు; మరుసటి యేడు ఓడినవారే గెలువవచ్చును.

కొల్లేటిమీద కొంగలు ఇప్పుడును అట్లే తిరుగుచున్నవి. అవి తమ విద్యను ఎవరికిని దాచవు. చూడగలవారికి నేర్పుచునే ఉండును. ఆ విద్యను చూచి నేర్చి, నేర్చినదానిని పదుగురికి పంచి, దానికై ప్రాణమునే ఇచ్చిన లిలియెంతాల్ విజ్ఞానలోకమున చిరస్మరణీయుడు.