ఫిలాతోవ్ మహాశయుడు

కంటిపాప ముందు గడియారపు అద్దమువంటి స్వచ్ఛమైన పొర గలదు. దానిని కార్నియా యందురు. గాయముచేతనో వ్యాధిచేతనో అది తెల్లబారి పువ్వు పడినచో, కన్ను ఉండియు చూపు పోవును. ఆ చీకటిని తొలగించుటకై జీవితము ధారపోసిన వైద్యుడు వ్లదీమిర్ ఫిలాతోవ్.

ఆయన 1875లో రష్యాలో జన్మించెను. 1897లో మాస్కోలో వైద్యవిద్య ముగించి, 1903లో నేటి ఉక్రెయిన్‌లోని ఒడెస్సా నగరము చేరెను. 1905లో జిర్మ్ అను వైద్యుడు, గాయపడిన బాలునికి తీసివేయవలసివచ్చిన కంటి పొరను వేరొకరికి అమర్చి చూపు తెప్పించియుండెను. 1912లో ఫిలాతోవ్ చేసిన తొలి యత్నము ఫలింపలేదు. అమర్చిన పొర మసకబారెను. ఆయన వెనుదీయలేదు. జీవించియున్నవారినుండి కన్నులు ఎన్ని లభించును? కావున ఆయన దృష్టి మృతుల కన్నులపై నిలిచెను. వానిని చల్లదనమున భద్రపరచి, 1931లో ఆ పొరతో చికిత్స చేసి కృతకృత్యుడయ్యెను. 1936లో ఒడెస్సాలో నేత్ర పరిశోధనాలయము స్థాపించి, 1956లో కన్నుమూసెను.

మన దేశమున తొలి నేత్రనిధి 1945లో మద్రాసు ఎగ్మూరు కంటి ఆసుపత్రిలో వెలసెను. అప్పుడు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మద్రాసు రాష్ట్రములోనివే. ధర్మవరమున పట్టుచీర నేయువానికి చూపే కూడు. మరణించిన ఆరు గంటలలోపల కన్నులు సేకరించినచో, ఒక్కరి దానము ఇరువురికి చూపు నీయగలదు. బాలలారా! ఈ సంగతి మీ యింటి పెద్దలకు తెలుపుడు.