అసలు గడియారానికి రహస్య ముద్ర వేసిన బ్రెగే

ఖరీదైన గడియారం అసలైనదా, నకిలీదా అన్న సందేహం నేటి కాలానికే పరిమితమైనది కాదు. రెండు శతాబ్దాల క్రితమే ఐరోపా సంపన్నులను ఈ సందేహం వేధించింది. దానికి సమాధానం వెదికినవారిలో అగ్రగణ్యుడు అబ్రహాం లూయీ బ్రెగే. గడియారాల తయారీలో ఆయన సాధించిన నైపుణ్యమే ఆయన పేరిట నకిలీలు పుట్టడానికి కారణమైంది.

బ్రెగే 1747 జనవరి 10న నేటి స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్‌లో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. తల్లి పునర్వివాహం చేసుకున్న వ్యక్తి గడియారాల వృత్తికి చెందిన కుటుంబంవాడు కావడంతో బాలుడు ఆ విద్యలో అడుగుపెట్టాడు. పదిహేనేళ్ల ప్రాయంలో ఫ్రాన్స్ చేరి, పని నేర్చుకుంటూనే గణితం అభ్యసించారు. 1775లో పారిస్ నగరంలోని సేన్ నదీ ద్వీపంలో సొంత కర్మాగారం ప్రారంభించారు.

అక్కడి నుంచి ఆయన ప్రతిభ వరుస ఆవిష్కరణలుగా వెలుగుచూసింది. ధరించినవారి కదలికతో తనంతట తానే కీ ఎక్కే జేబు గడియారాన్ని అభివృద్ధి చేశారు. కింద పడినా సున్నితమైన ఇరుసు విరగకుండా కాపాడే ఏర్పాటును రూపొందించారు. కొనకు కొంచెం దిగువన బోలు వలయంతో ఉండే సన్నని ముళ్లు నేటికీ ఆయన పేరుతోనే ప్రసిద్ధం. 1783లో ఫ్రాన్స్ రాణి మేరీ ఆంట్వానెట్ కోసం, ఆనాటికి తెలిసిన విశేషాలన్నీ ఇమిడిన గడియారానికి ఆయనకు ఆర్డర్ లభించింది. సంఖ్య 160గా పేరొందిన ఆ గడియారం 1827లో పూర్తయ్యే నాటికి రాణీ లేరు, బ్రెగే కూడా లేరు.

ఫ్రెంచి విప్లవం ఆయన జీవితాన్ని తలకిందులు చేసింది. రాచకుటుంబానికి గడియారాలు సమకూర్చిన వ్యక్తిగా ప్రాణభయంతో 1793లో పారిస్ విడిచి స్విట్జర్లాండ్ చేరారు. 1795లో తిరిగి వచ్చాక వ్యాపారాన్ని మళ్లీ నిలబెట్టుకోవలసి వచ్చింది. అప్పటికి ఆయన చేతిలో మిగిలిన పెద్ద ఆస్తి ఆయన పేరే. ఆ పేరుకే ముప్పు వాటిల్లింది. నాసిరకం యంత్రాలపై బ్రెగే పేరు చెక్కి అమ్మేవారు పెరిగారు. అలాంటి గడియారం సమయం తప్పితే నింద ఆయనపైనే పడేది.

పేరును ఇంకా పెద్ద అక్షరాల్లో చెక్కితే నకిలీదారులు దాన్నీ అనుకరిస్తారు. అందుకే బ్రెగే భిన్నమైన దారి ఎంచుకున్నారు. డయల్‌పై పన్నెండో అంకె సమీపంలో అతి సూక్ష్మమైన రహస్య సంతకం చెక్కించసాగారు. పెద్ద నమూనాను చిన్నదిగా గీసే పాంటోగ్రాఫ్ యంత్రంతో, మొనదేలిన సూదితో ఆ గీతలు వేసేవారు. తిన్నగా చూస్తే అది కంటికి ఆనదు. డయల్‌ను ఏటవాలుగా వెలుతురుకు పట్టి చూస్తేనే కనిపిస్తుంది. చాలా గడియారాలపై సంతకంతో పాటు ఆ గడియారం సంఖ్య కూడా ఉంటుంది.

సంతకం ఒక్కటే ఆయన రక్షణ కాదు. ప్రతి గడియారానికీ ప్రత్యేక సంఖ్య కేటాయించి, అమ్మకాల వివరాలను పుస్తకాల్లో నమోదు చేయించారు. 1797 ప్రాంతంలో, ధరలో నాలుగో వంతు ముందుగా చెల్లిస్తే తయారుచేసి ఇచ్చే ఒంటి ముల్లు గడియారాలను ప్రవేశపెట్టినప్పుడూ వాటి డయల్‌పై రహస్య సంతకం ఉండేది. కాలక్రమంలో కొందరు నకిలీదారులు ఆ సంతకాన్నీ అనుకరించారు. కానీ బ్రెగే సంస్థ పుస్తకాల్లోని నమోదును వారు మార్చలేకపోయారు. డయల్‌పై సంఖ్య, యంత్రం నిర్మాణం, పుస్తకంలోని వర్ణన పరస్పరం సరిపోలకపోతే సందేహించవలసిందే.

1801లో, గురుత్వాకర్షణ వల్ల కలిగే సమయదోషాన్ని తగ్గించే టూర్బియాన్ యంత్రాంగానికి ఆయన పేటెంట్ పొందారు. నెపోలియన్, రష్యా చక్రవర్తి మొదటి అలెగ్జాండర్ ఆయన ఖాతాదారుల్లో ఉన్నారు. 1816లో ఫ్రెంచ్ విజ్ఞాన అకాడమీ సభ్యత్వం లభించింది. 1823 సెప్టెంబరు 17న, 76 ఏళ్ల వయసులో పారిస్‌లో బ్రెగే కన్నుమూశారు.

నాటి నమోదు పుస్తకాలు పారిస్‌లో భద్రంగా ఉన్నాయి. పాత బ్రెగే గడియారం వేలానికి వచ్చినప్పుడు నిపుణులు నేటికీ వాటిని సంప్రదిస్తారు. కొత్త గడియారం కొనేవారికీ ఇదే పద్ధతి పనికివస్తుంది. బయటి మెరుపును, పేరును నమ్మి ఆగిపోకుండా, గడియారంపై ఉన్న సంఖ్య పత్రాల్లోని సంఖ్యతో సరిపోతున్నదా, ఆ పత్రాలను తయారీ సంస్థ ధ్రువీకరిస్తున్నదా అన్నది డబ్బు చెల్లించక ముందే తేల్చుకోవాలి.