రుద్రమదేవి స్థైర్యము

క్రీ. శ. 13వ శతాబ్దమున తెలుగుదేశము నేలిన కాకతీయులలో గణపతిదేవ చక్రవర్తి మిక్కిలి ప్రసిద్ధుడు. ఆయన 1199లో సింహాసనమెక్కి అరువదేండ్లకు పైగా రాజ్యము చేసెను. చిన్న చిన్న రాజ్యములుగా చీలియున్న తెలుగునేలను ఒక్క గొడుగు క్రిందికి దెచ్చెను. ఓరుగల్లును రాజధానిగా చేసికొని అచట గొప్ప కోటను కట్టింప నారంభించెను. మోటుపల్లి రేవునకు వచ్చు ఓడ వర్తకులకు అభయ మొసగెను. ఇంతటి ప్రాభవము గల యా చక్రవర్తికి తన తరువాత పట్టము కట్టదగిన కుమారుడు లేడు. అందుచే తన కుమార్తెయగు రుద్రమను రాజ్యమునకు వారసురాలిగా నిర్ణయించి, ఆమెకు రుద్రదేవ మహారాజు అను పురుషనామ మొసగెను. శాసనములలో ఆమె యీ పేరుతోడనే తరచుగా కానవచ్చును. నిడదవోలు చాళుక్య వంశీయుడగు వీరభద్రుడు ఆమె భర్త.

1260 ప్రాంతమున రుద్రమ తండ్రితో గూడి పాలనభారమును వహింప సాగెను. కొలది కాలమునకే పెద్ద విపత్తు వచ్చిపడెను. నెల్లూరు చెంత ముత్తుకూరు వద్ద 1263లో జరిగిన యుద్ధమున కాకతీయసేన పాండ్యుల చేతిలో ఓడిపోయెను. నెల్లూరు సీమ చేజారెను. వృద్ధచక్రవర్తి యిక కత్తి పట్టక, రాచకార్యములను కుమార్తెకే విడిచెను.

ఓడిన రాజ్యమనిన పొరుగువారికి అలుసు. ఆడుది రాజైనదనిన ఆ కాలపు సామంతులకు మరింత అలుసు. దక్షిణమున పాండ్యులు గెలిచి నిలిచియుండిరి. తూర్పున కళింగ గజపతులు వేంగి సీమలో చొరబడిరి. పడమట దేవగిరి యాదవరాజగు మహాదేవుడు దండెత్తుటకు సన్నద్ధుడయ్యెను. వీరికి తోడు సొంతయింటనే తిరుగుబాటు పుట్టెను. హరిహరదేవుడు, మురారిదేవుడు అను సవతి సోదరులు ఆమెపై లేచి ఓరుగల్లు కోటను ఆక్రమించిరని ప్రతాపచరిత్రము చెప్పుచున్నది.

నాలుగు దిక్కుల నిప్పంటుకొన్నప్పుడు తొందరపడి అన్ని దిక్కులకు పరుగెత్తువాడు ఏ నిప్పును ఆర్పజాలడు. రుద్రమదేవి యట్లు చేయలేదు. ఇంటిలోని చిచ్చును మొదట చల్లార్చెను. ఆ యాపత్సమయమున తన పక్షమున నిలిచిన వారెవరో గుర్తించి, వారికి కార్యభారము నప్పగించెను. రేచర్ల ప్రసాదిత్యుడు, గోన గన్నారెడ్డి, కాయస్థ జన్నిగదేవుడు అట్టివారు. వారి తోడ్పాటుతో తిరుగుబాటు అణగెను. ఈ సేవకే ప్రసాదిత్యునకు కాకతీయరాజ్య స్థాపనాచార్యుడను బిరుదు లభించెను. గొప్పవంశమున పుట్టినవారిని మాత్రమే కాక, శక్తియు విశ్వాసమును గలవారిని నాయకులుగా పైకి దెచ్చుట ఆమె పాలనలోని విశేషము.

లోపలి కలత తీరిన పిదప వెలుపలి శత్రువుల వంతు వచ్చెను. ఆమె యన్ని యుద్ధములకు తానే పోలేదు. వేంగి సీమకు పోతినాయకుని, ప్రోలినాయకుని పంపగా వారు గజపతులను వెడలగొట్టిరి. దక్షిణమున కాయస్థవీరులు కాకతీయుల అధికారమును మరల నిలిపిరి. మహాదేవుడు ఓరుగల్లుపై వచ్చినప్పుడు మాత్రము ఆమెయే స్వయముగా సేనను నడిపెను. పదునైదు దినములు పోరి, అతనిని దేవగిరి వరకు తరిమి, కోటి సువర్ణములను రాబట్టెనని ప్రతాపచరిత్రము వర్ణించుచున్నది. యాదవుల వ్రాతలు దీనిని ఒప్పుకొనవు; స్త్రీ యగుటచే మహాదేవుడే ఆమెను విడిచెనని అవి చెప్పును. కాని బీదరు కోటలో దొరకిన కాకతీయ శాసనమొకటి ఆమె యధికారము ఆ పడమటి సీమవరకు వ్యాపించెనని తెలుపుచున్నది. ఆమెకు రాయగజకేసరి యను బిరుదు గలదు.

యుద్ధములు చుట్టుముట్టియున్నను ఆమె దృష్టి ప్రజల క్షేమమునుండి మరలలేదు. 1261 నాటి మల్కాపుర శాసనము కృష్ణాతీరమందలి మందడమున గోళకీమఠమునకు జరిగిన దానమును తెలుపుచున్నది. ఆ దానపు ఆదాయముతో విద్యాలయము, అన్నసత్రము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడచెను. యుద్ధపు నీడలో ప్రసవించు తల్లులకై తావు నేర్పరచుట ఎంతటి నిలుకడ గల మనస్సునకు సాధ్యమో యోచింపదగును. ఆ శతాబ్దాంతమున తీరప్రాంతమును గూర్చి వ్రాసిన వెనిసు యాత్రికుడు మార్కోపోలో, ఈ దేశపు రాణి న్యాయమును, శాంతిని ప్రేమించు వివేకవతి యని కొనియాడెను.

ఆపద వచ్చిన పిమ్మట కలవరపడుటకంటె, ఆపద రాకముందే సిద్ధపడుట మేలని ఆమె ఎరుగును. తండ్రి ప్రారంభించిన రాతికోటగోడను సుమారు ఇరువది అడుగుల ఎత్తునకు పెంచి బురుజులతో బలపరచెను. దాని వెలుపల మరియొక మట్టికోటను, దానిచుట్టు వెడల్పైన అగడ్తను నిర్మింపజేసెను. ఆమె మరణించిన ఇరువదియేండ్లకు, 1310లో, ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ ఓరుగల్లును ముట్టడించెను. ఆ మట్టిగోడ ఎంత గట్టిదో ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో తన గ్రంథమున ఆశ్చర్యముతో వ్రాసెను. ఆ కోట ప్రతాపరుద్రునకు కొంతకాలము ఊపిరి నిచ్చెను.

కడపటి దినములలో ఆమెకు మరియొక పరీక్ష యెదురయ్యెను. తన ప్రాపున ఎదిగిన కాయస్థవంశమువాడే యగు అంబదేవుడు స్వతంత్రించి ఎదురు తిరిగెను. అప్పటికి రుద్రమ వృద్ధురాలు. రాజ్యమునకు వారసునిగా తన దౌహిత్రుడగు ప్రతాపరుద్రుని ముందుగనే నిర్ణయించియుండుటచే, ఆమె తరువాత సింహాసనమునకై కలహము రేగలేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరకిన 1289 నవంబరు నాటి శాసనము, రుద్రమదేవియు సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమున కేగిరని తెలుపుచున్నది. వారి పుణ్యము కొరకు పువ్వుల ముమ్మడి యను సేవకుడు దేవునకు భూమి నొసగెను. అంబదేవునితోడి యుద్ధముననే వారు మరణించియుందురని చరిత్రకారుల యభిప్రాయము.

రుద్రమదేవికి కష్టములు తక్కువగా వచ్చుటచే ఆమె శాంతముగా నుండలేదు. ఏది ముందో, ఏది వెనుకో తేల్చుకొని, ఎవరికి ఏ పని తగునో ఎరిగి, ఒక్కొక్క కార్యమును నెరవేర్చుటచే ఆమె చిత్తము కలత చెందలేదు. నేటికిని వరంగల్లు నగరమున ఆ కోటగోడలు, మట్టి కట్టలు, అగడ్త జాడలు కానవచ్చును. ఒక స్త్రీ యొక్క నిబ్బరము రాజ్యము నంతటిని ఎట్లు కాచెనో అవి చూపరులకు చెప్పుచున్నవి.